హైబ్రిడ్ అంటే టమోటా కాదు

పుంగనూరు దాటాక రెండో మలుపులో ఏజెంట్ దేవరాజులును కాల్చేశారు. ఒకే బుల్లెట్, మెడ వెనక. కారు వెనక సీట్లోంచి కాల్చారంటే తెలిసినవాళ్ల పనే. అంతకు మూడు నిమిషాల ముందు అతను హెడ్‌క్వార్టర్స్‌కు పంపిన మెసేజ్‌లో ఒకే ఒక్క మాట ఉంది: 'హైబ్రిడ్'.

డిపార్ట్‌మెంట్ దాన్ని టమోటా అనుకుంది. అనుకోదూ మరి! మదనపల్లె చుట్టుపక్కల పుట్టినవాళ్లకు హైబ్రిడ్ అంటే టమోటానే. పైగా దేవరాజులు తిరిగిందీ టమోటా వ్యాపారి వేషంలోనే. అతని పార్ట్‌నర్ మధుసూదన్ తొమ్మిది రోజులు లారీలన్నీ ఎక్కి దిగాడు, క్రేట్లన్నీ బోర్లించాడు. కుళ్లిన కాయలు తప్ప ఏమీ దొరకలేదు. పదేళ్లు పక్కపక్కన పనిచేసిన మనిషి పోయాడు. చంపినవాళ్లను తన చేత్తో చంపితే తప్ప మధుసూదన్‌కు ముద్ద దిగేలా లేదు.

పదో రోజు మిట్టమధ్యాహ్నం మదనపల్లె మార్కెట్ యార్డులో బ్రీఫింగ్. చీఫ్ శాంతకుమారి మండీ యజమానురాలి వేషంలో క్రేటు మీద కూర్చుని ఉంది. మధుసూదన్‌కు తలగుడ్డ, పెట్టుడు మీసం. పక్కన అతని కొత్త పార్ట్‌నర్ కీర్తి. హైదరాబాదులో పెరిగి, నెల కిందటే డిపార్ట్‌మెంట్‌లో చేరిన పిల్ల. నల్ల కళ్లద్దాలు, మడత నలగని చీర. యార్డులో సగం మంది వేలం పాట మానేసి ఆమెనే చూస్తున్నారు.

"జీరో స్మోక్ అని విదేశీ ముఠా," గొంతు తగ్గించి అంది శాంతకుమారి. "నాసిరకం బ్యాటరీలు మనకు అంటగట్టాలని సూస్తాండారు. ఆ గుట్టు డాక్టర్ సావిత్రమ్మకు తెలుసు. మూడు గంటలకు ఆయమ్మ కుప్పంలో కాలేజీ పిల్లోళ్ల ముందర కార్లు, కాలుష్యం మీద మాట్లాడతాది. ఆడే చంపేస్తారంట. కీర్తి రిపోర్టు ప్రకారం బాంబు ఎలక్ట్రిక్ కారులో ఉంటాది."

అంతలో శేఖర్ అనే రైతు ఒకడు కీర్తి దగ్గరికొచ్చి అడిగాడు. "అమ్మా, నీ హైబ్రిడ్ యాడుండాది?"

కీర్తి అటూ ఇటూ చూసి, పెదవులు కదలకుండా అంది. "కుప్పం చేరింది. అంతా రెడీ."

"కుప్పానికి యాల తోలినావమ్మా? టమోటా రేటు ఈడే కదా బాగుండాది!"

చుట్టూ నవ్వులు. మధుసూదన్ కూడా నవ్వబోయి ఆగిపోయాడు. ఆ రైతును ఆమె ముఠా మనిషి అనుకుంది. అంటే హైబ్రిడ్ అనేది కారు! దేవరాజులు చెప్పబోయింది అదే. ఆ రోజు అతని కారు వెనక సీట్లో కూర్చున్నది ఈమే.

అతని చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. ఆ మాటలు శాంతకుమారి కూడా వింది. లేచి మధుసూదన్ మణికట్టు పట్టుకుని పక్కకు లాగింది.

"ముందర సావిత్రమ్మ ప్రాణం, మధూ. ఫోన్ చేస్తే ఎవురన్నా కారు ముట్టుకుని పేల్చుకుంటారు. ఆ బాంబు విప్పేది ఇదొక్కతే. నీ పగ తర్వాతప్పా."

డిపార్ట్‌మెంట్ ఎలక్ట్రిక్ కారును కీర్తే నడిపింది. తనకు తెలిసిపోయిన సంగతి బయటపడకుండా మధుసూదన్ ఆమెతో వాదన పెట్టుకున్నాడు.

"పొగ లేదంటావు. కరెంటు యాడ నుంచి వస్తాది? బొగ్గు కాలిస్తేనే కదా!"

"ఆ బొగ్గు లెక్కేసినా పెట్రోలు కంటే నయం, సార్. సోలార్ పెరిగేకొద్దీ ఈ కారు ఇంకా శుభ్రమవుతుంది. హైబ్రిడ్ కారైతే బ్యాటరీ ఉన్నా చచ్చేదాకా పెట్రోలు తాగాల్సిందే."

"తాగినా సగమే తాగుతాది. బ్యాటరీ చిన్నది. ఇంత పెద్ద బ్యాటరీకి ఏ దేశంలో గనులు తవ్వినారో, ఎవురి నీళ్లు పాడైనాయో!"

"కొన్నేళ్లు నడిపితే ఆ పాపం తీరిపోతుంది."

పుంగనూరు వెనకబడింది. రెండో మలుపు వచ్చింది.

"కొన్ని పాపాలు తీరవులే," అన్నాడు మధుసూదన్.

వాళ్లు కుప్పం చేరేసరికి మూడు దాటింది. కాలేజీ మైదానంలో వెయ్యి మంది విద్యార్థులు. తెల్ల హైబ్రిడ్ కారులో కూర్చుని డాక్టర్ సావిత్రమ్మ మైకులో చెబుతోంది. "ఇప్పుడిది బ్యాటరీ మీద ఉంది. గట్టిగా తొక్కినా, బ్యాటరీ తగ్గినా పెట్రోలు ఇంజన్ దానంతటదే లేస్తుంది. చూడండి..."

మధుసూదన్ తలుపు తీసి ఆమెను బయటికి లాగేశాడు. పిస్టల్ కీర్తి నడుముకు ఆనించి డ్రైవర్ సీట్లోకి తోశాడు. తాను పక్క సీట్లో కూర్చున్నాడు.

"తొక్కు."

"వద్దు!" కీర్తి అరిచింది. "ఇంజన్ లేస్తే పేలిపోతుంది! స్విచ్చాఫ్ చేసినా పేలుతుంది!"

"అయితే మెల్లగా పోనీ. ఊరి బయటికి."

చడీచప్పుడు లేకుండా కారు జనాన్ని దాటి, కోసేసిన వేరుశనగ చేలోకి దిగి ఆగింది. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ మూడు గీతలు.

"నన్ను వదిలేస్తానంటే విప్పుతా," అంది కీర్తి.

మధుసూదన్ చెయ్యి చాపి ఏసీ ఫుల్ చేశాడు. రెండు గీతలు.

"పిచ్చా నీకు? నువ్వు కూడా చస్తావ్!"

"నాకేం తొందర లేదు."

అతను నిజమే చెప్పాడు. ఆ క్షణంలో కారు పేలిపోవాలనే ఉంది అతనికి. ఈమె మొహం ముక్కలు కావాలి, తను పోతే పోయాడు. ఒక గీత. అదీ మినుకుమినుకుమంటోంది.

కీర్తి ఏడుస్తూ వంగి, సీటు కింద రెండు వైర్లు వెతికి పట్టుకుని లాగేసింది. మరుక్షణం పెట్రోలు ఇంజన్ గుర్రుమని లేచింది. ఏమీ పేలలేదు.

"నన్ను చంపెయ్," అంది ఆమె కళ్లు మూసుకుని.

"యాల? సంపితే ఒక్క నిమిషంలో అయిపోతాది." మధుసూదన్ ఆమె చేతికి బేడీ వేశాడు. "నువ్వు వైర్లు లాగింది నా సొక్కా గుండీలోని కెమెరా సూసింది. కోర్టులో దేవరాజులు పెండ్లాం మారెమ్మ ముందర వరసలో కూసుంటాది. వాయిదా వాయిదాకీ ఆయమ్మ మొకం సూడు. మళ్లీ జైలుకు పో. మళ్లీ వచ్చి సూడు."

ఆమె మొహంలో రక్తం ఇంకిపోవడం చూశాక, పది రోజుల్లో మొదటిసారి అతనికి ఆకలేసింది.

సావిత్రమ్మ చెప్పులు చేతపట్టుకుని చేలో పరిగెత్తుకొచ్చింది. సంగతంతా విని అంది. "నా ఉపన్యాసం సగంలో ఆపేస్తివి కదప్పా! పోనీ నువ్వే సెప్పు. హైబ్రిడ్ మేలా, ఎలక్ట్రిక్ మేలా?"

మధుసూదన్ పెట్టుడు మీసం పీకి జేబులో వేసుకుని, బేడీలతో ఉన్న కీర్తి వైపు చూపించాడు.

"మీరిద్దరూ తేల్చుకోండి మేడం. నేను ఆర్టీసీ బస్సులో పోతా."