మాడు వాసన

ఆ ఇంటాయన మీద ఇల్లాలికున్న ఫిర్యాదులన్నీ చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు కాబట్టి, ఈ ఆదివారం పొద్దున పుట్టినదాన్నే చెప్పుకుందాం. ఆయన ఫర్నిచర్ షాపు వాళ్లకి తన పికప్ బండిలో మంచాలూ బీరువాలూ చేరవేస్తాడు. రెండు నెలలుగా బండి లాగడం లేదు, డీజిల్ మాత్రం తెగ తాగుతోంది. ఇలాంటప్పుడు తెలివున్న మనిషి మెకానిక్ దగ్గరికి వెళ్తాడు. ఈయన ఫోన్లో వీడియోలు చూశాడు.

మొదట ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. పుట్టగొడుగులా ఉన్న ఆ ఎర్రటి వస్తువుతో ఇంజను హాయిగా ఊపిరి పీల్చుకుంటుందన్నాడు. తర్వాతి వారం లావుపాటి సైలెన్సర్ బిగించాడు. బండి లాగడం పెరగలేదు గానీ, ఆయన వీధి మలుపు తిరగకముందే నలుగురికీ తెలిసే సౌకర్యం ఏర్పడింది. ఆపై వారం ఇంజను మెదడునే మార్చేస్తుందని ఒక చిప్ పెట్టించాడు.

"మార్చాల్సిన మెదడు అది కాదు," అంది ఇల్లాలు, కూరగాయలు తరుగుతూ.

ఇంతా చేస్తే అసలు మెకానిక్ ఇంట్లోనే ఉంది. డిప్లొమా చదివిన కూతురు ఆరు నెలలుగా వర్క్‌షాపులో పని నేర్చుకుంటోంది. రేపటి నుంచి జీతానికి చేరమన్నాడు ఆ వర్క్‌షాపు యజమాని. నాన్న మాత్రం బీమా ఆఫీసులో ఒక కుర్చీ మాట్లాడి, రేపు పొద్దున్నే తీసుకొస్తానని మేనేజరుకి మాటిచ్చేశాడు. ఎవరైనా అడిగితే అమ్మాయి కంప్యూటర్ కోర్సు చేస్తోందని చెప్పేవాడు. తల్లి కూడా తక్కువదేం కాదు, కూతురి మసి బట్టలు ఎవరికీ కనబడకుండా పెరట్లోనే ఆరేసేది.

ఆ ఉదయం ఆయన ఎవరింటికో డైనింగ్ టేబుల్ దింపి వచ్చి, బండిని ఇంటి ముందు వాలులో ఆపాడు. చేతిలో చిన్న డబ్బా.

"ఈ వారం ఏమిటండీ?"

"అయస్కాంతం. డీజిల్ పైపుకి తగిలిస్తే అణువులన్నీ వరసలో వెళ్తాయట. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఎక్కువ."

"ఇంట్లో ఉన్న ఇద్దరమే మీ మాట వినం. అణువులు వింటాయా?"

ఆయన ముక్కు ఎగబీల్చాడు. "ముందు పొయ్యి సంగతి చూడు. మళ్లీ ఏదో మాడబెట్టావు."

రెండు నెలలుగా ఇదే వరస. ఆయన రావడం, మాడు వాసన అనడం, ఆవిడ వంటింట్లోకి పరుగెత్తడం, గిన్నెలో కూర నిక్షేపంగా ఉండడం. ఇరవై నాలుగేళ్లలో ఒక్క గిన్నె అడుగంటనివ్వని మనిషి, ఈమధ్య తన ముక్కుని తానే నమ్మలేక ఊరికే మూతలు తీసి చూసుకుంటోంది.

"పొయ్యి ఇంకా వెలిగించనే లేదు," అంది.

మామూలు రోజుల్లో ఆయన తిరిగొచ్చేసరికి కూతురు వర్క్‌షాపులో ఉంటుంది. ఇవాళ సెలవు కాబట్టి వాకిట్లోకి వచ్చింది. ఒక్కసారి గాలి పీల్చి, తిన్నగా బండి వెనక్కి వెళ్లి వంగింది.

"నాన్నా, ఈ వాసన ఎన్నాళ్ల నుంచి?"

"మీ అమ్మనడుగు."

"వాసన అమ్మ వంటది కాదు, బండిది. వెనక ఎడమ బ్రేకు పట్టేసినట్టుంది. జాకీ వేసి చూస్తాను."

"నువ్వు బండి కింద దూరితే వీధిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? రేపు ఆఫీసుకి మంచి బట్టలు తీసి పెట్టుకో, పో."

"నేను ఆ ఆఫీసుకి రాను." కూతురు బండి దగ్గర్నుంచి కదల్లేదు. "వీధంతా అదిరేలా సైలెన్సర్ పెట్టినప్పుడు రాని సిగ్గు, నా చేతికి మసి అంటితే వచ్చిందా నాన్నా?"

ఇల్లాలు చీర కొంగు బిగించింది. "జాకీ సీటు కిందేగా?" అంది.

"అమ్మా, ఆగు. నాన్నా, ముందు హ్యాండ్‌బ్రేకు వదిలి చూడు. వాలు కదా, బండి జారాలి."

"నా బండి జారదు. టైర్ల పట్టు అలాంటిది." ఆయన దర్జాగా లోపలికెక్కి బ్రేకు వదిలాడు. బండి బండరాయిలా నిలబడింది. "చూశావా?"

"చూశాను. దిగి నువ్వూ చూడు. కుడి చక్రం దగ్గర చెయ్యి పెట్టు. ఇప్పుడు ఎడమ."

ఎడమ చక్రం దగ్గర పెట్టిన చెయ్యిని ఆయన చటుక్కున లాక్కున్నాడు.

గంట తర్వాత కూతురు బండి కిందనుంచి బయటికి వచ్చింది. "హ్యాండ్‌బ్రేకు కేబుల్ తుప్పుపట్టి ఇరుక్కుపోయింది. రెండు నెలలుగా బ్రేకు వేసుకునే తిరుగుతున్నావు. ప్రస్తుతానికి వదులు చేశాను, కొత్తది వేసేదాకా చక్రం కింద ఇటుక పెట్టు. అసలు కేబుల్ ఇలా సాగిపోయేలా లాగమని ఎవరు చెప్పారు నీకు?"

ఆయన భార్య వైపు చూశాడు. ఒకసారి బండి జారి గేటుకి గుద్దుకున్నప్పటి నుంచి, రోజూ కిటికీలోంచి "ఇంకా గట్టిగా లాగండి" అని అరిచేది ఆవిడే. ఆవిడకి హఠాత్తుగా వంట గుర్తొచ్చింది.

కిటికీలోంచి చూస్తే, ఆయన మళ్లీ బండెక్కాడు. బ్రేకు వదిలాడు. బండి చడీచప్పుడూ లేకుండా, తనంతట తానే వాలులోకి కదిలింది. రెండు గజాలు పోనిచ్చి ఆపాడు. దిగకుండానే ఫోన్ తీశాడు.

"మేనేజరు గారూ, మా అమ్మాయి రేపు రాదండీ. కంప్యూటర్ కోర్సా? అది నేను చెప్పిన అబద్ధం. మెకానిక్కండీ. మంచి మెకానిక్కు."

కూతురు ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. చెంపంతా మసి అయింది.

ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మాడింది నీ కూర కాదు," అన్నాడు. "నా బ్రేకు. తప్పు నాదే."

ఈ మాట కోసం ఆవిడ ఇరవై నాలుగేళ్లుగా కనీసం వంద జవాబులు సిద్ధం చేసుకుని ఉంచింది. ఒక్కటీ నోటికి రాలేదు. గరిటె చేతిలోనే ఉండిపోయింది. వెనక గిన్నెలోంచి సన్నగా మాడు వాసన లేచింది. ఆయన ముక్కు ఎగబీల్చి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

"అనండి, ఫర్లేదు," అంది ఆవిడ, కళ్లు ఒత్తుకుంటూ. "ఈసారి మాడింది నా కూరే. ఆ బ్రేకు మాడిందీ నా అరుపులకే. తప్పు నాది కూడా."