నల్లకారు కింద ఆయిలు మరక

తెల్లారి షెడ్డు ఊడుస్తుంటే నల్లకారు కింద ఆయిలు మరక కనబడింది కార్లు బాగుచేసే మేస్త్రీ భార్యకు. వరసగా మూడో రోజు. అరచేయంత మరక, నిగనిగలాడుతూ.

"చూశావా, మళ్లీ కార్చింది," అన్నాడు మేస్త్రీ, అడక్కుండానే. "దీన్నిక సాకలేం. తెల్లకారయితే లీటరుకి పద్నాలుగు కిలోమీటర్లిస్తుంది, సామాను ఏ కొట్లో అయినా దొరుకుతుంది. ఇది ఎనిమిదన్నా ఇవ్వదు. కాసేపట్లో కొనేవాళ్లొస్తారు."

ఆవిడకి ఒళ్లు మండింది. ఆ రెండు పాత కార్లూ ముప్పై ఏళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి. నల్లదాంట్లోనే కూతుర్ని ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. ఎత్తెక్కాలంటే తెల్లది ఆయాసపడుతుందనీ, నల్లది ఏనుగులా లాగుతుందనీ వచ్చినవాళ్లందరి చెవులూ చిల్లులు పడేలా చెప్పిన మనిషి, ఈ వారంలో ప్లేటు ఫిరాయించాడేం? ఎవరికి మాటిచ్చాడు? ఏం దాస్తున్నాడు?

మరకలో వేలు ముంచి వెలుతురులో పెట్టి చూసింది.

"ఏవండీ, దీని ఆయిలు మార్చి ఎన్నాళ్లయింది?"

"ఆర్నెల్లు."

"ఆర్నెల్లు ఇంజన్లో కాగిన ఆయిలు కాటుకలా ఉండాలి కదా? ఇది తేనెలా ఉందేం?"

మేస్త్రీ పానా తుడవసాగాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. వాడిన ఆయిలు చుక్కన్నా షెడ్డులో ఉంచని శుభ్రం మనిషి; ఒంపడానికి కొత్త డబ్బా తప్ప చేతికేం దొరుకుతుంది?

"మీరే పోశారు!"

"మతి గానీ పోయిందా నీకు?"

"పోలేదు కాబట్టే అడుగుతున్నా. ఎందుకో చెప్పండి. లేదంటే వచ్చేవాళ్లకీ వేలే చూపిస్తా."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"పోయిన వారం దీంట్లో మనవరాల్ని బడికి తీసుకెళ్తున్నానా... ఎత్తు మీద గేరు మారుద్దామంటే ఎడమ మోకాలు మొరాయించింది. క్లచ్చి దిగలేదు. ఇంజను ఆగిపోయి కారు వెనక్కి జారింది. బ్రేకు పట్టేలోపు నా పైప్రాణాలు పైనే పోయాయి. పిల్లేమో ఆటనుకుని కిలకిలా నవ్విందే."

"మోకాలని చెప్పొచ్చుగా!"

"కారు పాడైందంటే సరే పాపం అంటారు. మేస్త్రీయే పాడయ్యాడంటే ఈ షెడ్డుకి ఎవడొస్తాడు?"

ఆవిడ నల్లకారు తలుపు తీసి, ఎన్నడూ కూర్చోని ఆయన సీట్లో కూర్చుంది. ఎడమ కాలితో క్లచ్చి తొక్కింది. సగంలో ఆగింది. స్టీరింగు పట్టుకుని పళ్లు బిగించి తొక్కితే దిగింది గానీ, పిక్క వణికిపోయింది.

"రోజూ దీన్నా మీరు తొక్కింది?"

ఆయన ఎడమ మోకాలు నిమురుకున్నాడు. ఆవిడ కళ్లు నిండిపోయాయి. వారం రోజులుగా ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో, ఎక్కడికెళ్తున్నాడో కాపలా కాసింది. మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం మాత్రం చూడలేదు.

వీధిలో హారను మోగింది. ఆయన లేవబోయాడు.

"కూర్చోండి. కారు అమ్మట్లేదని నేనే చెప్పొస్తా," అంది కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "మీరు తెల్లది తోలండి, దాని క్లచ్చి మెత్తగా దిగుతుందని మీరే అంటారుగా. దీన్ని మన అమ్మాయి నడుపుతుంది. మీరు పక్కన కూర్చుని, గేరు సరిగ్గా వెయ్యలేదని దాన్ని తిడుదురుగాని."