ఆకలి మీదున్న సాళువ

"పదకొండు మంది ఏజెంట్ల పేర్లు ఒక చిప్‌లో ఉన్నాయి," అన్నాడు చీఫ్ నరసింహులు. "దాన్ని విదేశీ ముఠా డేగ కాలికి కట్టి పంపుతుంది. రోడ్లన్నీ మూసేశాం. ఆకాశానికి చెక్‌పోస్ట్ ఎక్కడ పెట్టను?"

ఆ పేర్లలో ఒకటి తేజస్విది. ఏజెంట్ ఫణికి ఆమెతో పెళ్లయి ఇరవై రోజులే.

డేగల శిక్షకుడి కోసం ముఠా కబురు పంపింది. అసలువాడు విజయవాడలో మనవాళ్లకు దొరికిపోయాడు. అతని వేషంలో ఫణి ముసునూరు మామిడితోటలో దిగాడు. తలకు చుట్టిన తువ్వాలులో ట్రాన్స్‌మిటర్.

తోటను లీజుకు తీసుకున్న పార్వతి పట్టుచీరలో, నల్లకళ్లద్దాలతో ఎదురొచ్చింది. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ మనిషి. ఇప్పుడు విదేశీ ముఠాది. ఫణిని ఎన్నడూ చూడలేదు. కూర్చోమనకుండానే పరీక్ష మొదలుపెట్టింది.

"సాళువ?"

"డేగకి పాత తెలుగు మాటండీ. ఆ పేరుతో రాజవంశమే ఉంది."

"కుళ్లాయి?"

"డేగ కళ్లు మూసే టోపీ. పార్సీలో కులాహ్."

"షికారు?"

"పార్సీలో వేట. మనవాళ్లు దాన్ని సరదాగా తిరగడంగా మార్చుకున్నారు."

నిన్న సాయంత్రం తేజస్వి స్కూటర్ వెనక కూర్చుని చేసిన షికారు గుర్తొచ్చి ఫణి పెదవి కదిలింది.

"నవ్వితే పళ్లు రాలతాయి," అంది పార్వతి.

డేగకు రెండు రోజులుగా తిండి లేదు. పది గంటలకు వదిలితే, చెక్‌పోస్ట్ అవతల విస్సన్నపేట రోడ్డు మీది ముఠా వ్యాన్‌లోంచి ఊపే మాంసపు ఎర దగ్గరికి దూసుకుపోవాలి. దాని పగ్గం ఆకలే.

కూలీలకు వండే వెంకాయమ్మకి ఇది తెలిసి ఒళ్లు మండింది.

"నోరులేని జీవాన్ని పస్తు పెడతారా? ఏం మనుషులండీ మీరు?"

ఫణి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీరు పెడితే నేను చూడనండీ."

కూరకు తెచ్చిన కోడిమాంసంలో సగం డేగ కడుపులోకి వెళ్లింది.

పది కొట్టింది. పార్వతి చిప్ కట్టి, కుళ్లాయి తీసి, డేగను గాలిలోకి విసిరింది. అది తోట దాటలేదు. ఎదురుగా ఉన్న రసాల చెట్టెక్కి, రెక్కలు సర్దుకుని కునుకు తీసింది. దూరంగా రోడ్డు మీద ఎర ఊగుతూనే ఉంది.

పార్వతి పిస్టల్ ఫణి నుదుటికి తగిలింది. "ఏం చేశావురా?"

"నేనేం చేయలేదండీ. వెంకాయమ్మగారు భోజనం పెట్టారు."

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. అప్పుడే పైకొమ్మ నుంచి, గెడ చివర వల కట్టి కాయలు కోసే చిక్కం ఒకటి దిగి ఆమె చేతిని పిస్టల్‌తో సహా పైకి లాగేసింది. గుండు ఆకుల్లోకి పోయింది. ట్రాన్స్‌మిటర్‌లో మాటలన్నీ విన్న ఫణి టీమ్, కూలీల వేషంలో చెట్లు దిగింది. మరో చిక్కంలో నిద్రమత్తు డేగ, దాని కాలికి చిప్. రోడ్డు మీది వ్యాన్‌నీ చుట్టుముట్టామని కబురొచ్చింది.

పార్వతిని బేడీలతో జీపు వైపు నడిపిస్తుంటే వెంకాయమ్మ గరిటెతో అడ్డం వచ్చింది.

"ఈవిడ పొద్దున్నుంచీ ఏం తినలేదండీ. రెండు ముద్దలు తిన్నాక తీసుకెళ్లండి."