మూడో రూటులో భీమక్క ఇల్లు

“మా ఇల్లు కూలగొట్టింది నువ్వేనాప్పా?”

లోకేష్ చుట్టూ చూశాడు. ఆదోని పక్కన చిన్న గుట్ట. ముందు బండ, వెనక బండ, మధ్యలో ముళ్లకంప. ఇల్లు కాదు కదా, పునాది కూడా లేదు. ఎదురుగా హవాయి చెప్పులతో ఒక అమ్మాయి, ఆమె పక్కన ఆ చెప్పులు కూడా లేని అవ్వ.

“ఏ ఇల్లు?”

“అదో, నీ బూటు కింద!”

బూటు కింద నాలుగు రాళ్లున్నాయి.

లోకేష్‌ది ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్ రిపేరు షాపు. ఆదివారమైతే ట్రెక్కరు. ట్రెక్కు కన్నా టెక్కు ఎక్కువ. అరగంటలో ఎక్కేసే గుట్టకు మూడు రూట్లు కనిపెట్టి ఆన్‌లైన్‌లో పెట్టాడు: మెట్లదారి ‘ఈజీ’, మేకలదారి ‘మీడియం’, వాననీళ్లు దిగే వంక ‘హార్డ్’. ఆ హార్డ్‌లోనే అవ్వ రోజూ కట్టెలమోపుతో దిగుతుందని ఆన్‌లైన్‌కు తెలియదు. రాళ్లు పేర్చి ఉంటే దారి గుర్తని వీడియోల్లో నేర్చుకున్నాడు. ఈ గుర్తు తప్పుదారి చూపిస్తోందని తన్నేశాడు.

“సొంతిల్లు కావల్లని మొక్కుకోని మా అవ్వ పేర్సింది,” అంది అమ్మాయి. పేరు శిరీష, పత్తి మిల్లులో కంప్యూటర్ ఆపరేటరు.

అవ్వ భీమక్క తీర్పు చెప్పేసింది. “పడగొట్టినోడే కట్టల్ల.”

కట్టాడు. మరుసటి ఆదివారానికి కూలిపోయింది.

“మేకలేమో,” అన్నాడు.

“నీ పనితనమేమో,” అంది శిరీష.

మళ్లీ కట్టాడు, మళ్లీ కూలింది. గాలన్నాడు, కోతులన్నాడు. శిరీష మాత్రం బండ మీద కూర్చుని, “వంటిల్లు ఆడ పెడ్తారా ఎవురైనా?” అని నాలుగు రాళ్లకూ వాస్తు చెప్పేది. గుట్ట ఎక్కడం వచ్చినవాడికి గుట్టు విప్పడం రాలేదు. మనసులో మాట నాలుక దాకా వచ్చి, “ఈ రాయి ఇట్ల పెట్టల్లనా?” అని జారిపోయేది.

ఏడో ఆదివారం తుంపర పడుతోంది.

“వచ్చే వారం మేం రాం నాయనా,” అంది భీమక్క. “కోడుమూరు నుంచి శిరీషను సూసేకి వస్తాండారు. పిల్లోడు సర్వేయరంట.”

లోకేష్ చేతిలో రాయి లోకేష్ కాలి మీదే పడింది.

“నీకు ఇష్టమేనా?” అన్నాడు రాళ్లను చూస్తూ.

“నన్నెవురు అడిగినారు?”

“నేను అడుగుతాండా కదా.”

“ఏమని?”

ట్రెక్కరుకు అక్కడే దారి తప్పింది. “అదే... ఇంత గట్టిగ కట్టినా ఈ గోడ ఎందుకు కూలుతాదని...”

భీమక్కకు ఓపిక కొండెక్కింది. “గోడంట గోడ! నువ్వు గుట్ట దిగంగనే ఈ పిల్లే కాలితో తంతాది రా! ఆరు వారాలుగా సూస్తాండా. మీ ఇద్దరి నడమ నా మొక్కు నలిగిపాయె!”

శిరీష ముఖం అటు తిప్పుకుంది. “మేకలే అవ్వా.”

చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అవి మేకలవి కావు.

లోకేష్ తడిబండ మీద కూలబడ్డాడు. “శిరీషా, వాళ్లను రావద్దని సెప్పు. నేనొస్తా, మా అమ్మను తోడుకోని.”

“వంకలో దిగొస్తావా?”

“యాడ రమ్మంటే ఆడ.”

“బస్సుకు రా, సాలు,” అంది శిరీష, ఈసారి ముఖం తిప్పుకోకుండా.

భీమక్క కొంగుముడి విప్పి, ఫోను తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

“కోడుమూరుకు కొట్టు పాపా. సర్వేయరు వద్దు, మాకు మేస్త్రీ దొరికినాడని సెప్పు.”