తోలు కింద వేడి

కినత్తుకడవు సంతలో ఆ పిల్లను చూడగానే తిరుమలసామికి వచ్చింది కోపం. ప్రేమ తరవాతి సంగతి.

కుంఫిణీ వాళ్లు కొత్తగా వేయించిన బాటలో పత్తి బండి తోలుకుని వచ్చాడు. ఎద్దును విప్పాడో లేదో, గొడ్లకు వైద్యం చేసే పళనివేల్ కూతురు వీరాయి అడక్కుండానే దాని మూపు మీద చేతి వెనకవైపు ఆనించి చూసింది. కాడి ఆనే చోట వేడిగా ఉందట, గట్టిపడిందట, నాలుగు రోజులు బండి కట్టొద్దట. తోలు నిగనిగలాడుతుంటే పుండెక్కడిదని అతడు కసురుకున్నాడు.

"తోలు అన్నిటికన్నా చివర చెప్తాది. లోపల ముందే చెడిపోతాది," అంది వీరాయి.

మాట వినక బండి కడితే మూడోనాడు మూపు పగిలింది. లోపల ముందే చెడిపోతాదన్న మాటకు తిరుమలసామికి అమ్మ వీపు గుర్తొచ్చింది. ఇంట్లో అమ్మ అంగమ్మాళ్ కాలు విరిగి చెక్క పలక మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఒక మండలం, అంటే నలభై ఎనిమిది రోజులు, ఇటు నుంచి అటు కదలకూడదని కట్టు వైద్యుడు ఆన పెట్టాడు. నిరుడు నాన్న అలాగే పడుకున్నాడు. కాలు అతికింది గానీ పడక పుండు ఆయన్ని తీసుకుపోయింది.

సిగ్గు చంపుకుని పళనివేల్ ఇంటికి పరిగెత్తాడు. ఎగతాళి చేస్తుందనుకుంటే, ఆ పిల్ల తండ్రిని వెంటబెట్టుకుని వెంటనే వచ్చింది.

అంగమ్మాళ్ నడుము కిందికి చెయ్యి పోనిచ్చింది. చుట్టూ చల్లగా ఉంది, ఒక్కచోట మాత్రం కాగుతోంది. పైన గీత కూడా లేదు. కాలి కట్టు చెదరకుండా పూటకు నాలుగుసార్లు పక్కకు తిప్పాలంది.

వైద్యుడు మండిపడ్డాడు. కాలు వంకరపోతే పూచీ తనది కాదన్నాడు. అందరూ తిరుమలసామి మొహం చూశారు.

"కాలు వంకరైతే కర్రతో నడుస్తాది. అమ్మే లేకుంటే నేనేం చేసేది? తిప్పుదాం," అన్నాడు.

ఇక రోజూ వీరాయి వచ్చేది. బయట వాన పడుతుంటే లోపల ఇద్దరూ అంగమ్మాళ్‌ను అటూ ఇటూ తిప్పేవాళ్లు. ఒకనాడు అతడి చెయ్యి దారి తప్పి ఆమె చేతిమీద ఆగింది.

"అత్త వీపు అక్కడ ఉండాది," అంది వీరాయి, నవ్వు అణుచుకుంటూ. పడుకున్న అంగమ్మాళ్ మాత్రం అణుచుకోలేకపోయింది. వారం తిరక్కుండానే ఆ వేడి దిగిపోయింది. వీపు మెత్తబడింది.

మండలం నిండిన రోజు వైద్యుడు కట్టు విప్పాడు. కాలు చక్కగా అతికింది. వీపు తడిమి చూసి, ఇక మీదట తన రోగులందరినీ తిప్పిస్తానని ఒప్పుకున్నాడు మహానుభావుడు.

కొన్నాళ్లకు అంగమ్మాళ్ కర్ర పట్టుకుని, కొడుకు పట్టుకోబోతే విదిలించి, ఊరంతా చూస్తుండగా పళనివేల్ వాకిటికి నడిచింది. వీరాయిని కోడలిగా ఇమ్మంది. పళనివేల్ కూతురి వైపు చూశాడు.

"ముందు కూచో అత్తా, కాలు నొస్తాది," అంది వీరాయి.

"పడుకునింది చాలు తాయీ. నువ్వు సరి అనేదాకా నేను కూచోను."

వీరాయి తిరుమలసామిని చూసింది.

"సరి," అంది.

అంగమ్మాళ్ తిన్నె మీద కూచుంది.