ఆ ఫ్యాన్ కట్టేయండి

“ఇందులో మా అమ్మ లేదు.”

అగ్గిపెట్టెంత పాటల ప్లేయర్‌ని కౌంటర్ మీద పెట్టి అంది ఆ అమ్మాయి. బయట వాన దంచి కొడుతోంది. గొడుగు తెచ్చుకోవాలన్న ధ్యాస కూడా లేనట్టుంది, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

కంప్యూటర్ షాపబ్బాయి ప్లేయర్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాపం, మెచ్చుకుంటుందనుకున్నాడు.

మొన్న వచ్చినప్పుడు ఇలా లేదు. కుట్టుసామాను డబ్బాలో సీడీలు తెచ్చి, “ఇన్ని పళ్లేలు ఇంత చిన్న దాంట్లో ఎలా పడతాయండీ?” అని నవ్వింది.

“పళ్లేలు పట్టవండీ. సీడీలో పాటని ముందు కంప్యూటర్‌లోకి దింపుతాం. కుదించి ఇందులోకి ఎక్కిస్తాం. రిప్పింగ్ అంటారు.” మామూలుకంటే నెమ్మదిగా చెప్పాడు. ఇంకాసేపు నిలబడుతుందని ఆశ.

ఆ సీడీల్లో పాడింది వాళ్లమ్మ. టైలరు. మిషను ఆపాక ఇంట్లోనే పాడి రికార్డు చేసుకునేది. పోయినేడు కాలం చేసింది. ఇప్పుడు నాన్న ఆసుపత్రిలో, ముక్కు మీద ఆక్సిజన్ మాస్కుతో ఉన్నాడు. వార్డులో సీడీ ప్లేయర్ పెట్టనివ్వరు, చెవుల్లో పెట్టుకునేదైతే సరేనన్నారు. “వినిపించాలనుకున్నవి తొందరగా వినిపించేయమ్మా,” అని డాక్టర్ ఉన్నమాట చెప్పేశాడు.

షాపబ్బాయి ఒళ్లు దాచుకోలేదు. ప్రతి పాటకీ ముందు ఆవిడ దగ్గు, గిన్నెల చప్పుడు, మొగుణ్ని కసరడం, అన్నీ ఓపిగ్గా కోసి పారేశాడు. గీతలు పోతాయని సీడీలన్నీ టూత్‌పేస్టుతో రుద్ది మరీ తిరిగిచ్చాడు. ఎవరడిగారు నాయనా నిన్ను? ఎవరూ అడగలేదు. పిల్ల నచ్చింది, చేతులు ఊరుకోలేదు, అంతే.

“పాటలన్నీ ఉన్నాయి కదండీ,” అన్నాడు మెల్లగా.

“పాటలెవరికి కావాలి? పాటలు రేడియోలోనూ వస్తాయి. మా అమ్మ తిట్లు ఏ రేడియోలో వస్తాయి? ఫ్యాన్ కట్టేయమని కసిరితే గానీ పాట ఎత్తుకునేది కాదు. ఆ తిట్టు కోసమే మా నాన్న కావాలని ఫ్యాన్ వేసేవాడు. పొద్దున చెవుల్లో పెడితే పాట మొదలైంది. నాన్న నావైపు చూశాడు, అమ్మేదీ అన్నట్టు. ఏం చెప్పమంటారు?”

కోసిన ముక్కల్ని అతను ఆరోజే చెరిపేశాడు.

“తప్పయిపోయిందండీ. డబ్బా ఇవ్వండి. మళ్లీ దింపుతాను.”

“అప్పటిదాకా ఉంటాడా నాన్న?”

ఆమె చంకలోని డబ్బా కూడా ప్లేయర్ పక్కనే పెట్టేసి వానలోనే వెళ్లిపోయింది.

మర్నాడు షట్టర్ సగం దించి కూర్చున్నాడు. మిగతావన్నీ బుద్ధిగా దిగాయి. ఫ్యాన్ తిట్టు రికార్డయిన ఒక్క సీడీయే మొరాయించింది. తన టూత్‌పేస్టు చలవే అది. డ్రైవ్ గుర్రుమంటూ తిరిగేది, ఆగేది.

ఫోన్ మోగింది. “నాన్నకి ఆయాసం ఎక్కువైంది. వచ్చిందా?”

“మిగతావి దిగాయండీ. ఫ్యాన్ తిట్టున్నదే ఇంకా లేదు.”

“అదొక్కటీ లేకపోతే మిగతావెందుకండీ?” అని ఏడ్చేసింది.

తనని తాను తిట్టుకుంటూ, సీడీని తడిగుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడిచాడు. మూలపడేసిన పాత కంప్యూటర్‌లో పెట్టి, చదివే వేగం బాగా తగ్గించాడు. నత్తనడకన దిగింది. దిగీ దిగగానే, షాపుకి తాళం వేశాడో లేదో కూడా చూసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాడు.

నాన్న కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆమె ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టి, రెండోది షాపబ్బాయికి ఇచ్చింది.

“మీరూ వినండి. ఏం కోశారో తెలియాలిగా.”

విన్నాడు. “ఏమండీ! ఆ ఫ్యాన్ కట్టేయండి! ఎన్నిసార్లు చెప్పాలి? చెవుల్లో సీసం పోసుకున్నారా?”

నాన్న కళ్లు తెరిచాడు. మంచం మీది చెయ్యి మెల్లగా లేచి, గోడనున్న స్విచ్ వైపు చాచింది. పైన వార్డు ఫ్యాన్ గరగరా తిరుగుతోంది. చెయ్యి అందలేదు, దుప్పటి మీద పడిపోయింది.

షాపబ్బాయి ఇయర్‌ఫోన్ ఆమె చేతికిచ్చి, లేచి ఫ్యాన్ కట్టేశాడు.

నాన్న మాస్కు కాస్త పక్కకి లాక్కున్నాడు. “ఇకనుంచి... ఆ పని నీదే, అబ్బాయ్.”

ఆ సాయంత్రమే, చెవిలో అమ్మ పాడుతుండగా, ఆయన వెళ్లిపోయాడు.

వానలు వెనకబట్టాక ఆమె మళ్లీ షాపుకొచ్చింది. బాగా చిక్కింది. ప్లేయర్ కౌంటర్ మీద పెట్టి, “ఇందులో ఇంకా చోటుందా?” అని అడిగింది.

“బోలెడుంది. ఏం ఎక్కించాలి?”

“అమ్మ సగంలో వదిలేసిన పాటొకటుంది. నేను పాడతాను. ఇంట్లో పాడలేకపోతున్నానండీ, అంతా ఖాళీగా ఉంది.”

మైకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పాడబోయి ఆగి, తలెత్తి పైకి చూసింది. ఆమె నోరు తెరవకముందే అతను వెళ్లి ఫ్యాన్ కట్టేశాడు.

“నాన్నగారు అప్పజెప్పిన పని,” అన్నాడు, స్విచ్ మీంచి చెయ్యి తియ్యకుండా. “నాకిష్టమే. మీరంటే ఇష్టం. మొదటిరోజు నుంచీ.”

ఆమె కళ్లు తుడుచుకుంది. “మా అమ్మలాగే తిడతాను. తర్వాత ఏడ్చి లాభం లేదు.”

“తిట్టండి,” అన్నాడు తిరిగొచ్చి రికార్డు బటన్ నొక్కుతూ. “ఈసారి ఒక్కటీ కొయ్యను.”