మాప్ పట్టుకున్న మనిషి మొహం

మీ బిల్డింగ్‌లోనే జరిగిన ఆ శాస్త్రవేత్త చావుకి కారణం మీరే, మెత్తటి కుర్చీల్లో కూర్చున్న ఆఫీసర్లూ! చంపినవాళ్ళెవరో పట్టపగలు తుడిచేవాళ్ళ నీలం కోటు తొడుక్కుని, మాప్ పట్టుకుని మీ పద్నాలుగు మంది మధ్య నుంచే నడిచివెళ్ళారు. ఎలా ఉన్నారని అడిగితే పద్నాలుగు నోళ్ళదీ ఒకటే మాట: "ఎవరో తుడిచే మనిషి." ఆడో మగో కూడా చెప్పలేకపోయారు!

ఆ పాపం కడగడానికి పంపిన మనిషి ఏజెంట్ నైన్. అతనికి లోపల చచ్చేంత భయం.

బ్రీఫింగ్‌లో చీఫ్ నింపాదిగా గడ్డం నిమురుకున్నాడు. "ఆపరేషన్ పేరు మాప్. లాటిన్‌లో మప్పా అంటే గుడ్డ. మ్యాప్ కూడా ఆ గుడ్డకే పుట్టిందంటారు, పూర్వం పటాలు గుడ్డల మీద గీసేవారు కదా! సైన్యంలోనైతే మాప్ అప్ అంటే, యుద్ధం అయ్యాక దాక్కున్న శత్రువుల్ని ఏరెయ్యడం. అదీ నీ పని."

"అదే ముఠా బాంబు పెట్టిందన్నారు, ఎక్కడ సార్?"

"కింద పార్కింగ్‌లో. మన ఇంటర్‌ప్రెటర్ సమాచారం. ముత్యాల కమ్మలు పెట్టుకుంటుంది చూడు, ఆవిడ. గార్డులందర్నీ కిందికి పంపాను. పదకొండింటికి ఆరో అంతస్తులో విదేశీ ప్రతినిధుల మీటింగ్. ఎందుకైనా మంచిది, నువ్వు తుడిచే మనిషి వేషంలో పైన ఉండు."

"ఆ అంతస్తు తుడిచే ఆవిడ పేరేంటి సార్?"

చీఫ్ బుర్ర గోక్కున్నాడు. గుడ్డ పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన పెద్దమనిషికి రోజూ తన గది తుడిచే మనిషి పేరు తెలీదు!

అందరూ ఆవిడని పెద్దక్క అంటారు. నైన్‌కి నీలం కోటు తొడిగి, అతను తుడవడం చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓరి నాయనో! తలుపు దగ్గర మొదలెడితే బయటికెలా వస్తావబ్బాయ్, ఎగిరొస్తావా? లోపలి మూల నుంచి వెనక్కి వెనక్కి తలుపు దాకా రావాలి. తుడిచినచోట అడుగు పడకూడదు."

"తప్పయింది పెద్దక్కా." అతను వైర్‌లెస్ దాచిన మాప్ కర్రని తుపాకీలా పట్టుకుని తలుపు వైపే చూస్తున్నాడు.

"భయమా?"

"ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నా."

"గుప్పిట్లో ముందు కర్ర సరిగ్గా పట్టుకో. ప్రాణం సంగతి తర్వాత!"

పదీ యాభై ఎనిమిది. పక్క గదిలో ప్రతినిధులు టీ తాగుతున్నారు. పెద్దక్కా నైనూ మీటింగ్ హాలు తలుపు తీశారు. నేలంతా తడి.

పెద్దక్క ఆగిపోయింది. "ఇది నేను తుడవలేదు."

తడి మీద అడుగులు. తలుపు నుంచి మైకు బల్ల దాకా, మళ్ళీ తలుపు దాకా. ఒక్కో అడుగు వెనకా శనగగింజంత చుక్క.

"హైహీల్స్‌తో తుడిచిందా! జన్మలో మాప్ ముట్టని మనిషిది ఈ పని."

నైన్‌కి వెలిగింది. ఈ అంతస్తులో హైహీల్స్ వేసుకునేది ఒక్కరే. ఒక్క అంగలో వెళ్ళి బల్ల కింద చూశాడు. నల్ల డబ్బా. ఎర్ర అంకెలు: 04:10.

"లే పైకి."

గుమ్మంలో ముత్యాల కమ్మలు. మోచేతి మీద నీలం కోటు, ఒక చేతిలో పిస్టల్, రెండో చేతిలో లిప్‌స్టిక్. "ఈ లిప్‌స్టిక్ రిమోటు. నొక్కానంటే నిమిషాలు సెకన్లైపోతాయి. మీ గార్డులు పాపం, నా మాట నమ్మి పార్కింగ్ ఊడుస్తున్నారు."

ఆమె చూపంతా నైన్ మీదే. గోడవారగా నిలబడ్డ పెద్దక్కని చూడనేలేదు. ఎవరు చూస్తారు గనక!

పెద్దక్క బకెట్‌ని ఒక్క తాపు తన్నింది. సబ్బునీళ్ళు బుస్సున పారాయి. హైహీల్స్ గాల్లోకి లేచాయి. పిస్టల్ ఎగిరి గోడకి తగిలింది. పడుతూ పడుతూ ఆమె బొటనవేలు లిప్‌స్టిక్ నొక్కేసింది.

00:09.

నైన్ వేళ్ళు సబ్బుకి జారుతున్నాయి. కట్టర్ చేజారి ఎటో పోయింది. 00:05.

"ఇదిగో!" మాప్ పోగులు కత్తిరించే కత్తెర నేల మీద జారుకుంటూ వచ్చింది.

00:02. పచ్చ వైరు. కటుక్కు.

00:01 దగ్గర అంకెలు ఆగాయి.

వైర్‌లెస్‌లో అంతా విని చీఫ్ రొప్పుతూ వచ్చాడు. గార్డులు ముత్యాల కమ్మలకి బేడీలు వేశారు.

"మెడల్ ఇప్పిస్తా నైన్!"

"మెడల్ తర్వాత సార్. ముందు ఈవిడ పేరడగండి. ఇక్కడే, ఇప్పుడే. ఇవాళ్టి నుంచి ఈ బిల్డింగ్‌లో మాప్ పట్టుకున్న ప్రతి మనిషినీ మొహం చూసి, పేరు పెట్టి పిలవాలి. లేదంటే ఇంకోసారి చస్తాం."

చీఫ్ సిగ్గుపడుతూ రెండడుగులు ముందుకేశాడు.

"పేరు చెప్తాలెండి," అంది పెద్దక్క. "ముందు ఆ బూట్లు విప్పి బయటికి నడవండి. నేల ఆరనివ్వండి!"